అంతరిక్ష ప్రదర్శనశాలల్లో స్వచ్ఛంద సేవ: నమూనా వెనుక ఉన్న నిజాన్ని విడమరచే బాధ్యత

చంద్రయాన్-3 ల్యాండరు విక్రమ్ 2023 ఆగస్టు 23వ తేదీ సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రునిపై సురక్షితంగా దిగినది. ఆ ఘట్టానికి గుర్తుగా ఆగస్టు 23ను జాతీయ అంతరిక్ష దినోత్సవంగా కేంద్ర ప్రభుత్వం ప్రకటించగా, 2024 నుంచి దేశవ్యాప్తంగా ఈ దినోత్సవాన్ని నిర్వహిస్తున్నారు. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 1999లో చేసిన ప్రకటన మేరకు ఏటా అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు కూడా జరుగుతున్నాయి. మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్-1 ప్రయోగం 1957 అక్టోబరు 4న జరగడం, బాహ్యాంతరిక్ష ఒప్పందం 1967 అక్టోబరు 10న అమలులోకి రావడం ఈ తేదీల ఎంపికకు కారణం.

ఇటువంటి సందర్భాలలో విజ్ఞాన కేంద్రాలలోని అంతరిక్ష విభాగాలకు పాఠశాలల విద్యార్థినీ విద్యార్థులు బృందాలుగా వస్తుంటారు. అక్కడి నమూనాల పక్కన నిలబడి, వాటి విశేషాలను వివరించే స్వచ్ఛంద సేవకుల పని పైకి చిన్నదిగా కనిపిస్తుంది. అయితే ప్రదర్శన సార్థకమయ్యేదీ, వృథా అయ్యేదీ చాలావరకు వారి మాట మీదనే ఆధారపడి ఉంటుంది. ఈ సేవ స్వరూపం, అందుకు కావలసిన సన్నద్ధత, నిర్వాహకుల బాధ్యతలను ఈ వ్యాసం వివరిస్తున్నది.

ప్రదర్శనలు ఉన్న చోట్లు

హైదరాబాదులోని నౌబత్ పహాడ్‌పై 1985లో బిర్లా ప్లానెటేరియం ప్రారంభమైనది. అదే ప్రాంగణంలోని బి.ఎం. బిర్లా విజ్ఞాన కేంద్రంలో 2019లో ఇస్రో సహకారంతో అంతరిక్ష మ్యూజియం ఏర్పాటైనది. తిరుపతిలో జాతీయ విజ్ఞాన ప్రదర్శనశాలల మండలి ఆధ్వర్యంలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం పనిచేస్తున్నది. శ్రీహరికోటలోని సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం నుంచి జరిగే ప్రయోగాలను ప్రజలు ప్రత్యక్షంగా తిలకించేందుకు 2019లో సందర్శకుల గ్యాలరీని ప్రారంభించారు. ఇవి కాక, వారోత్సవాల వేళ కళాశాలల్లో, పాఠశాలల్లో తాత్కాలిక ప్రదర్శనలు కూడా ఏర్పాటవుతుంటాయి.

మారుమూల గ్రామం నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చిన విద్యార్థికి ఇటువంటి ప్రదర్శన చూసే అవకాశం చదువుకునే కాలంలో ఒక్కసారే రావచ్చును. అంతరిక్ష విభాగంలో ఆ బృందం గడిపేది అరగంట, మహా అయితే గంట. ఆ కొద్ది సమయంలో విన్న మాట సరైనదైతే అది జీవితాంతం నిలుస్తుంది. తప్పుడు మాటైనా అంతే గట్టిగా నిలుస్తుంది. స్వచ్ఛంద సేవకుని బాధ్యత ఇక్కడే మొదలవుతున్నది.

ముందుగా చెప్పవలసినది: ఇది నమూనా

అంతరిక్ష విభాగానికి ఒక ప్రత్యేకత ఉన్నది. పురావస్తు ప్రదర్శనశాలలో కనిపించే శిల్పం అసలు శిల్పమే. అంతరిక్ష విభాగంలో మాత్రం కనిపించే వాటిలో అధిక భాగం నమూనాలు. కక్ష్యలోకి వెళ్లిన ఉపగ్రహం సాధారణంగా తిరిగి రాదు. రాకెట్టు దశలు సముద్రంలో పడిపోతాయి, లేదా వాతావరణంలో కాలిపోతాయి. కనుక సందర్శకుని ఎదుట నిలిచేది చాలావరకు అసలు వస్తువుకు ప్రతిరూపమే.

ఈ సంగతిని మొదటి వాక్యంలోనే చెప్పడం మంచి వివరణకు పునాది. పి.ఎస్.ఎల్.వి. అసలు ఎత్తు సుమారు 44 మీటర్లు. ఎదుట ఉన్న నమూనా పదో వంతు పరిమాణంలో ఉంటే దాని ఎత్తు 4.4 మీటర్లు మాత్రమే. అసలు వాహనం దాదాపు పదిహేను అంతస్తుల భవనమంత ఉంటుందని చెప్పినప్పుడు విద్యార్థి తలపైకెత్తి ఊహించుకోగలుగుతాడు. అలా చెప్పకపోతే రాకెట్టు అంటే గదిలో పట్టేంత వస్తువు అన్న భావనతోనే ఇంటికి వెళతాడు.

ఉపగ్రహ నమూనాలకు చుట్టిన పసుపు వన్నె రేకును చూసి పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి: "ఇది బంగారమా?" అది బంగారం కాదు. పలుచని ప్లాస్టిక్ పొరకు వెనుక వైపు అల్యూమినియం పూత పూసి, అటువంటి పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి చేసిన ఉష్ణకవచం. పొర సహజ వర్ణం కారణంగా లోపలి అల్యూమినియం బంగారంలా మెరుస్తుంది. ఎండ తగిలే వైపు తీవ్రమైన వేడిని, నీడ వైపు తీవ్రమైన చలిని తట్టుకునేందుకు ఉపగ్రహానికి ఇది తోడ్పడుతుంది. ఈ ఒక్క ప్రశ్నతో ఉష్ణప్రసారం పాఠమంతా చెప్పవచ్చును.

తరచుగా వచ్చే ప్రశ్నలు, సరైన సమాధానాలు

అంతరిక్షంలో గురుత్వాకర్షణ లేదన్న మాట సర్వసాధారణంగా వినిపించే పొరపాటు. భూమికి సుమారు 400 కి.మీ. ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వద్ద గురుత్వాకర్షణ నేలపై ఉన్న దానిలో దాదాపు 89 శాతం ఉంటుంది. కేంద్రం, అందులోని వ్యోమగాములు, వారి చేతిలోని వస్తువులు అన్నీ కలిసి ఒకే విధంగా భూమి చుట్టూ పడుతూ ఉంటాయి. గంటకు సుమారు 28,000 కి.మీ. వేగంతో ముందుకు సాగుతున్నందువల్ల అవి నేలను తాకవు. ఈ నిరంతర పతనమే భారరహిత స్థితి. దీనిని నిరూపించడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. అడుగున చిన్న రంధ్రం చేసిన నీళ్ల సీసాను మూత తీసి పట్టుకుంటే ధార కారుతుంది. అదే సీసాను చేతి నుంచి వదిలితే, కింద పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది. నీరు, సీసా ఒకే వేగంతో పడుతున్నందున ఒకదానిపై మరొకటి ఒత్తిడి కలిగించదు. కక్ష్యలో జరిగేదీ ఇదే.

రాకెట్టు గాలిని తన్ని పైకి లేస్తుందన్నది రెండవ అపోహ. అదే నిజమైతే గాలి లేని అంతరిక్షంలో రాకెట్టు పనిచేయకూడదు. రాకెట్టు తాను వెదజల్లే వాయువులకు ప్రతిచర్యగా ముందుకు సాగుతుంది. ఇంధనం మండడానికి కావలసిన ఆక్సీకారిణిని కూడా అది వెంట మోసుకుపోతుంది. ప్రయోగ సమయంలో దాని బరువులో అత్యధిక భాగం ఇంధనమూ, ఆక్సీకారిణే. మన తొలి ఉపగ్రహ వాహక నౌక ఎస్.ఎల్.వి.-3 బరువు సుమారు 17 టన్నులు కాగా, 1980లో అది కక్ష్యలో నిలిపిన రోహిణి ఉపగ్రహం బరువు 35 కిలోలు మాత్రమే.

శ్రీహరికోటనే ఎందుకు ఎంచుకున్నారన్నది మన ప్రాంత విద్యార్థులు సహజంగా అడిగే ప్రశ్న. శ్రీహరికోట భూమధ్యరేఖకు దగ్గరగా, సుమారు 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతున్నందువల్ల, తూర్పు దిశగా ప్రయోగించిన వాహనానికి అక్కడ సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగం ముందుగానే సమకూరుతుంది. తూర్పున విశాలమైన బంగాళాఖాతం ఉన్నందున విడిపోయిన దశలు జనావాసాలపై పడే ప్రమాదం ఉండదు. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుంచి మొదటి రోహిణి పరిశోధక రాకెట్టును ప్రయోగించారు.

అపోలో-11 వ్యోమగాములు నాలుగు రోజులలో చంద్రుని చేరగా చంద్రయాన్-3కి నలభై రోజులు ఎందుకు పట్టినదన్న ప్రశ్నకు కూడా సిద్ధంగా ఉండాలి. అపోలోను మోసిన శాటర్న్-5 బరువు దాదాపు 2,900 టన్నులు. చంద్రయాన్-3ను మోసిన ఎల్.వి.ఎం.-3 బరువు సుమారు 640 టన్నులు. పెద్ద రాకెట్టు ఒక్క ఊపులో చేసే పనిని, చిన్న రాకెట్టు భూమి చుట్టూ కక్ష్యను విడతల వారీగా పెంచుకుంటూ తక్కువ ఖర్చుతో పూర్తి చేసినది. ఆలస్యం అక్కడ లోపం కాదు, ఎంచుకున్న మార్గం.

బత్తాయి పండుతో విశ్వం కొలత

పుస్తకాలలోని చిత్రాలలో భూమి, చంద్రుడు పక్కపక్కనే కనిపిస్తాయి. ప్రదర్శనలోని పటాలలోనూ స్థలాభావం వల్ల దూరాలు కుదించి చూపవలసి వస్తుంది. ఈ భ్రమను తొలగించడానికి ఒక తేలిక ఉపాయం ఉన్నది. ఎనిమిది సెంటీమీటర్ల బత్తాయి పండును భూమిగా భావిస్తే, చంద్రుడు రెండు సెంటీమీటర్లకు కాస్త పైబడిన ఉసిరికాయంత ఉంటాడు. ఆ ఉసిరికాయను పట్టుకున్న విద్యార్థి బత్తాయికి దాదాపు 2.4 మీటర్ల దూరంలో నిలబడాలి. ప్రసార ఉపగ్రహాలు తిరిగే భూస్థిర కక్ష్య, అంటే సుమారు 36,000 కి.మీ. ఎత్తు, బత్తాయి నుంచి జానెడు దూరం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమైతే తొక్కకు పావు సెంటీమీటరు పైన మాత్రమే ఉంటుంది. 2024 జనవరి 6న నిర్దేశిత కక్ష్యను చేరిన ఆదిత్య-ఎల్1 ఉన్న చోటు, అంటే భూమికి 15 లక్షల కి.మీ. దూరం, ఈ కొలతలో తొమ్మిది మీటర్లు దాటుతుంది. బహుశా గది గోడ అవతలికే పోతుంది. విద్యార్థులనే ఆయా చోట్ల నిలబెట్టి చూపితే ఈ కొలతలు వారు మరచిపోరు.

పాతబడిన బోర్డులు

అంతరిక్ష రంగంలో సమాచారం వేగంగా మారుతుంది. గోడమీది బోర్డు మారదు. 2013 నవంబరు 5న బయలుదేరి 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యను చేరిన మంగళయాన్‌తో 2022లో సంబంధాలు తెగిపోయాయి. అయినా అది నేటికీ పనిచేస్తున్నదని తెలిపే బోర్డులు ఉంటే వివరణకర్త ఆ సంగతిని సరిచేసి చెప్పాలి. శ్రీహరికోట 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ అనంతరం తిరుపతి జిల్లాలో ఉన్నది. అంతకుముందు ముద్రించిన బోర్డులలో నెల్లూరు జిల్లా అని ఉండవచ్చును. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా వర్గీకరించినందున, సౌరమండలంలో గ్రహాలు తొమ్మిది కాదు, ఎనిమిది. ఇటువంటి తేడాలను గుర్తించి నిర్వాహకులకు లిఖితపూర్వకంగా తెలియజేయడం కూడా స్వచ్ఛంద సేవలో భాగమే. రోజూ బోర్డు పక్కన నిలబడే వ్యక్తికే దానిలోని తప్పు ముందుగా కనిపిస్తుంది.

ఛాయాచిత్రాల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. 1981లో ప్రయోగించిన యాపిల్ ఉపగ్రహాన్ని ఎడ్లబండిపై నిలిపిన చిత్రం దేశమంతటా ప్రసిద్ధి పొందినది. దీనిని చూసిన వారు ఆనాటి పేదరికానికి గుర్తుగా భావించడం కద్దు. ఉపగ్రహ ఏంటెనాను పరీక్షించే సమయంలో లోహపు వాహనం వల్ల అంతరాయం కలగకుండా ఉండేందుకు కొయ్యబండిని ఎంచుకున్నారన్నది అసలు విషయం. జాలి కలిగించే కథ కంటే ఈ నిజం విద్యార్థికి ఎక్కువ మేలు చేస్తుంది.

విజయంతో పాటు వైఫల్యం

ప్రదర్శనలు సాధారణంగా విజయాలనే ముందుంచుతాయి. వైఫల్యాలను దాచకుండా చెప్పినప్పుడే శాస్త్రం పనిచేసే తీరు అర్థమవుతుంది. 1979 ఆగస్టు 10న జరిగిన ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగం విఫలమైనది. కారణాలను పరిశీలించి, లోపాలను సరిదిద్దిన మీదట 1980 జులై 18న అదే వాహనం విజయం సాధించినది. ఆ పథకానికి డా. ఎ.పి.జె. అబ్దుల్ కలాం సంచాలకులుగా వ్యవహరించారు. 1993 సెప్టెంబరు 20న పి.ఎస్.ఎల్.వి. తొలి ప్రయోగం ఫలించలేదు. 1994 అక్టోబరు 15న రెండవది ఫలించినది. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండరుతో సంబంధాలు తెగిపోగా, ఆ అనుభవం చంద్రయాన్-3 రూపకల్పనకు పాఠమైనది. పరీక్ష తప్పిన విద్యార్థి ఒకరు ఆ బృందంలో ఉంటే, ఈ మూడు ఉదాహరణలు ఆ బిడ్డకు వేరే విధంగా వినిపిస్తాయి.

ఇతర దేశాల అనుభవం

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1976 జులై 1న ప్రారంభమైన జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియంలో 'డోసెంట్లు' అని పిలిచే స్వచ్ఛంద వివరణకర్తలు సందర్శకులను వెంటబెట్టుకొని విభాగాలను చూపుతుంటారు. వారు శిక్షణ పొందిన తరువాతనే ఈ బాధ్యత స్వీకరిస్తారు. అపోలో-17 వ్యోమగాములు 1972లో తెచ్చిన చంద్రశిల ముక్కను సందర్శకులు చేతితో తాకే ఏర్పాటు ఆ మ్యూజియంలో ప్రసిద్ధమైనది. అరుదైన వస్తువును తాకనివ్వడం ఎంత ముఖ్యమో, తాకుతున్నది ఏమిటో పక్కన నిలిచి చెప్పే మనిషి ఉండడం కూడా అంతే ముఖ్యం.

సేవకుల ఎంపిక, శిక్షణ

విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగ్ విద్యార్థులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, శాస్త్రవేత్తలు, ఖగోళ ఆసక్తి గల గృహిణులు ఈ సేవకు అర్హులే. పట్టా కన్నా ముఖ్యమైనవి మూడు: స్పష్టమైన మాట, పిల్లల పట్ల ఓర్పు, తెలియని సంగతిని తెలియదని ఒప్పుకునే నిజాయితీ. సమాధానం తెలియనప్పుడు ప్రశ్నను రాసుకొని, తెలుసుకొన్న పిదప పాఠశాలకు పంపడం మంచి పద్ధతి. ఊహించి చెప్పిన సమాధానం కన్నా అది ఎంతో గౌరవప్రదమైనది.

శిక్షణలో మొదటి మెట్టు అనుభవజ్ఞుల వివరణను గమనించడం. రెండవది ఒకటి రెండు నమూనాలను మాత్రమే ఎంచుకొని వాటిపై పట్టు సాధించడం. మూడవది సందర్శకుల వయసును బట్టి మాటను మార్చుకోవడం. ఐదవ తరగతి బృందానికి బత్తాయి కొలత చాలు. ఇంటర్మీడియట్ విద్యార్థులకు కక్ష్యావేగం లెక్క కూడా కావాలి. చెప్పుకుపోవడం కన్నా ముందుగా ప్రశ్న అడిగి, వారి ఊహను విని, ఆపై వివరించడం ఫలితమిస్తుంది.

భాష మరో ముఖ్యాంశం. తెలుగు మాధ్యమం విద్యార్థులకు వాహక నౌక, కక్ష్య, భారరహిత స్థితి వంటి పదాలు పాఠ్యపుస్తకాల ద్వారా పరిచితమే. రాకెట్టు, ల్యాండరు, ఏంటెనా వంటి మాటలు జనవాడుకలో స్థిరపడినవే. ఈ రెండింటినీ సహజంగా కలిపి మాట్లాడితే సరిపోతుంది. చూపు లేని విద్యార్థులకు తాకి చూడదగిన చిన్న నమూనాలు, వినికిడి లోపం గల వారికి పెద్ద అక్షరాల వివరణ పత్రాలు సిద్ధంగా ఉంచడం అవసరం.

నిర్వాహకులు, అధికారుల బాధ్యతలు

స్వచ్ఛంద సేవ జీతం తీసుకునే సిబ్బందికి ప్రత్యామ్నాయం కాదు. భద్రత, విద్యుత్తు పరికరాల నిర్వహణ, టిక్కెట్ల జారీ వంటి పనులను సేవకులపై మోపడం తగదు. సేవకులకు నిర్ణీత వేళలు, గుర్తింపు కార్డు, కూర్చునే చోటు, తాగునీరు, రాకపోకల ఖర్చు సమకూర్చడం సంస్థ కనీస ధర్మం. పిల్లల రక్షణ దృష్ట్యా ప్రతి బృందం వెంట ఉపాధ్యాయులు తప్పనిసరిగా ఉండాలి. ఏ సేవకుడూ విద్యార్థితో ఒంటరిగా ఉండే పరిస్థితి రాకూడదు.

జిల్లా విద్యాశాఖ అధికారులు సందర్శనల తేదీలను ముందుగా కేంద్రాలకు తెలియజేస్తే, బృందాలు ఒకే రోజున కిక్కిరిసిపోకుండా చూడవచ్చును. ఒక వివరణకర్త చుట్టూ ఇరవై మందికి మించితే వెనుక వరుసలోని వారికి మాట వినపడదు. ప్రశ్న అడిగే ధైర్యమూ రాదు. సాధారణంగా వెనుక వరుసలో నిలబడేది అందరికన్నా ఎక్కువ సంకోచించే విద్యార్థి. వారిని ముందుకు పిలవడం కూడా నేర్పవలసిన మెళకువే.

పాత్రికేయులకు ఉపయోగపడే అంశాలు

అంతరిక్ష దినోత్సవ వార్తలలోనూ ఇదే కచ్చితత్వం అవసరం. చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువంపై దిగినదని రాయడం సరికాదు. అది దిగిన చోటు దాదాపు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశంపై, ధ్రువానికి 600 కి.మీ. పైచిలుకు దూరంలో ఉన్నది; దక్షిణ ధ్రువ ప్రాంతం అనడం సమంజసం. 1975 ఏప్రిల్ 19న ఆర్యభట్టను ప్రయోగించినది శ్రీహరికోట నుంచి కాదు, నాటి సోవియట్ యూనియన్ నుంచి. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి భారతీయుడు రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న బయలుదేరారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు శుభాంశు శుక్లా 2025 జూన్ 25న బయలుదేరి జులై 15న భూమికి తిరిగి వచ్చారు.

శాస్త్రీయ దృక్పథాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన ఈ విధి ఆచరణలోకి వచ్చే చోట్లలో అంతరిక్ష ప్రదర్శనశాల ఒకటి. వారానికి ఒక పూట కేటాయించగల విద్యార్థి గానీ, విశ్రాంత ఉపాధ్యాయుడు గానీ సమీప విజ్ఞాన కేంద్రం నిర్వాహకులను సంప్రదించి ఈ సేవకు ముందుకు రావచ్చును. అక్కడికి తొలిసారి వచ్చే విద్యార్థి అడిగే ప్రశ్నకు సరైన సమాధానం అందేలా చూడడంలో నిర్వాహకులకు, అధికారులకు, సేవకులకు సమాన బాధ్యత ఉన్నది.